పచ్చని ఆకు పసుపెక్కిన వేళ: ఇంటి మొక్కల రోగనిర్ణయం

మన నంద్యాలలో గానీ, ఆళ్లగడ్డలో గానీ, ఎంత ఇరుకు సందులోనైనా మొక్క లేని ఇల్లు అరుదు. ముంగిలి గలవారు ముంగిట పెంచుతారు. లేనివారు వసారా అరుగు మీద, మేడమెట్ల మలుపులో, కిటికీ గూటిలో పెంచుతారు. పవిత్ర ఖుర్‌ఆన్‌లోని ‘అర్ రహ్మాన్’ సూరాలో ప్రస్తావన గల రైహాన్ మన ఇండ్లలో పాత నూనెడబ్బాలోనైనా కనిపిస్తుంది. పొరుగింటి కోటలో తులసి ఉంటుంది. వృక్షశాస్త్రం ఈ రెండింటినీ ఒకే ప్రజాతికి చెందిన తోబుట్టువులుగా లెక్కించినది. ఇటీవల వీటి సరసన మనీప్లాంటు, స్నేక్‌ప్లాంటు, డిఫెన్‌బాకియా, అరెకా పామ్ వంటి పరదేశపు మొక్కలు ఇంటి లోపలి గదులలోకి ప్రవేశించినవి. తెచ్చిన నెలనాళ్ళు ఇవి కళకళలాడతాయి. ఆ తరువాత ఒక ఆకు పసుపెక్కుతుంది, ఒక ఆకు కొస మాడుతుంది, మరొక ఆకు మీద మచ్చ తేలుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ తలొక వైద్యం చెబుతారు. ఆ వైద్యమే అనేక మొక్కలకు మరణహేతువవుతున్నది. ఒక్కొక్కప్పుడు మనుషులకు కూడ ముప్పు తెచ్చిపెడుతున్నది.

ఆళ్లగడ్డ నుండి రోజూ బస్సులో వచ్చే విద్యార్థి ఒకడు ఒకనాడు చేతిరుమాలులో నాలుగు మనీప్లాంటు ఆకులు చుట్టుకొని ప్రయోగశాలకు వచ్చినాడు. ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగి, కాడల దగ్గర మెత్తబడి ఉన్నవి. “సార్, పత్తికి కొట్టే మందు ఇంట్లో మిగిలి ఉంటే మూడుసార్లు కొట్టినాము. అయినా తగ్గలేదు. ఇంకేదైనా గట్టి మందు చెప్పండి సార్” అన్నాడు. మొక్క ఎక్కడున్నదని అడిగితే, “మా దాదీ మంచం పక్కన, కిటికీ కింద” అన్నాడు. డబ్బా అడుగున రంధ్రమున్నదా అని అడిగినాను. “రంగుల డబ్బా సార్. రంధ్రం పెడితే బండలు మురికవుతాయని పెట్టలేదు.” మరునాడు ఆ డబ్బానే తెప్పించి, బల్ల మీద పాతకాగితం పరచి బోర్లించి చూచినాము. మురుగుకాలువ వాసన వచ్చినది. తెల్లగా గట్టిగా ఉండవలసిన వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, వేలితో లాగితే పైతొడుగు ఊడి లోపలి దారం మాత్రమే చేతికి వచ్చినది. భూతద్దంతో ఎంత వెదికినా ఆకు మీద పురుగు లేదు, బూజు లేదు. ఆ మొక్కకు పట్టిన రోగం నీరు. ఆ నీటి రోగానికి మూడుమార్లు విషం చల్లినారు. దాని ఫలితమేమైనా ఉంటే, తలుపులు మూసిన గదిలో రాత్రంతా ఆ గాలి పీల్చిన వృద్ధురాలికే దక్కి ఉండాలి.

ఇది ఒక ఇంటి కథ అనుకొనరాదు. మనది పత్తి, వరి పండే సీమ. పొలానికి తెచ్చిన మందు సగం సీసా ఏదో గూటిలో ఉండనే ఉంటుంది. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడరాదని 2005 లోనే ప్రభుత్వం నిషేధించినది. కూరగాయకే తగని మందు పడకగదికి తగుతుందా? 2013 జూలైలో బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బాలలు మరణించినారు. వంటనూనెలో ఈ మోనోక్రోటోఫాసే ఉన్నట్లు పరీక్షలలో తేలినది. పొలం మందుకూ వంటింటికీ మధ్య ఉండవలసిన గోడ ఎంత గట్టిదై ఉండాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలును. కాబట్టి ఈ వ్యాసంలో ఏ మందు చల్లవలెనన్న ప్రశ్న చివరకు వస్తుంది. అసలు రోగమేమిటన్నది ముందు తేలవలెను.

ఆకును చూచి రోగం చెప్పే విద్య కొత్తది కాదు. సుమారు వేయి సంవత్సరాల క్రిందట సురపాలుడు రచించిన ‘వృక్షాయుర్వేదం’ చెట్ల వ్యాధులను కూడ మనుషుల వ్యాధులవలెనే వాత, పిత్త, కఫ దోషాలుగా విభజించినది. ఆ గ్రంథానికి నళినీ సాధలే గారు చేసిన ఆంగ్లానువాదం 1996 లో సికింద్రాబాదు నుండి వెలువడినది. పన్నెండవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు సెవిల్ నగరవాసి ఇబ్న్ అల్ అవ్వామ్ అరబ్బీలో రచించిన ‘కితాబ్ అల్ ఫిలాహా’ 585 మొక్కలను వర్ణించి, వాటి తెగుళ్ళనూ చికిత్సలనూ చెప్పినది. ఉర్దూ విభాగపు మిత్రులెవరైనా ఈ గ్రంథాన్ని గురించి మన సంచికలో విడిగా వ్రాస్తే బాగుంటుంది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. ఉత్తరప్రదేశ్‌లోని తరాయి ప్రాంతంలో వరి ఆకుల మీద తుప్పురంగు మచ్చలు లేచి పైరు గిడసబారిపోయేది. రైతులు దానిని ఖైరా అన్నారు. ఖైరా అంటే కాచురంగు. మచ్చలను చూచినవారికి అది అచ్చంగా తెగులువలె తోచేది. పంత్‌నగర్‌లో పనిచేస్తున్న వై. ఎల్. నేనే గారు 1966 లో దాని నిజస్వరూపం వెల్లడించినారు. అది శిలీంధ్రమూ కాదు, సూక్ష్మజీవీ కాదు. నేలలో జింకు కొరవడినందువల్ల కలిగిన ఆకలి మాత్రమే. నేడు కె.సి. కాలువ కింద వరి వేసే మన రైతు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు చల్లుతున్నాడంటే ఆ పరిశోధనకు అందులో భాగమున్నది. ఇదే నేనే గారు తరువాతి కాలంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఉన్నతపదవిలో పనిచేసి, సురపాలుని గ్రంథాన్ని వెలుగులోకి తెచ్చిన సంస్థను సికింద్రాబాదులో స్థాపించినారు. మచ్చ కనబడగానే మందుకు పరుగెత్తవద్దన్నదే మన కుండీలకు కూడ వర్తించే మొదటి పాఠం.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి? ఆకుతో కాదు, కుండీతో. మట్టిలోకి చూపుడువేలు రెండు కణుపుల మేర దింపవలెను. పైమన్ను పొడిగా ఉండి లోపల తడి తగిలితే నీరు పోయరాదు. కుండీని రెండు చేతులతో ఎత్తి బరువు చూడవలెను. నాలుగు రోజులు చూస్తే తడికుండీ బరువూ పొడికుండీ బరువూ చేతికే తెలిసిపోతాయి. మట్టికుండీ అయితే మన పెద్దలు కుండ కొనేటప్పుడు చేసినట్లు వేలి గణుపుతో తట్టవలెను. ఎండినది ఖంగుమంటుంది, తడిసినది బొద్దుగా పలుకుతుంది. ఇంత చెప్పడానికి కారణమున్నది. నీరెక్కువైన మొక్కా, నీరు తక్కువైన మొక్కా రెండూ ఆకు వాల్చుతాయి. వేరు కూడ శ్వాసిస్తుంది. మట్టిరేణువుల మధ్య సందులన్నీ నీటితో నిండితే వేరుకు గాలి అందక చచ్చుబడుతుంది. చచ్చిన వేరును తడిలో పెరిగే శిలీంధ్రాలు కుళ్ళబెడతాయి. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. అందుచేత నీటి మధ్యనే ఉన్న మొక్క దాహంతో వాలిపోతుంది. అది చూచి జాలిపడి మనం మరొక చెంబు పోస్తాము. నా దృష్టికి వచ్చిన ఇంటి మొక్కలలో పురుగు వల్ల చచ్చినవాటికంటె ఈ జాలి వల్ల చచ్చినవే ఎక్కువ.

ఇందులో మన నేలకు కూడ పాత్ర ఉన్నది. నంద్యాల రేగడి పత్తికి ప్రాణం. 1906 లో ఇక్కడ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వెలసినదంటే ఈ నల్లనేల మహిమ ఎంతటిదో ఊహించవచ్చు. అయితే పొలంలో వరమైన గుణమే కుండీలో శాపమవుతుంది. రేగడిలోని సన్నని జిగటమన్ను తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకొని బీటలు వారుతుంది. కుండీలో ఎండిన రేగడి గోడల నుండి విడివడుతుంది. పోసిన నీరు ఆ సందు వెంట జారి అడుగు రంధ్రం నుండి బయటికి పోతుంది. నీరు కారినది గదా అని మనం తృప్తిపడతాము. నడుమ వేళ్ళున్న ముద్ద మాత్రం పొడిగానే ఉంటుంది. బాగా తడిసినప్పుడేమో వారంరోజులు ఆరదు. అందుచేత కుండీకి రేగడి ఒంటరిగా పనికిరాదు. నల్లమల పాదాల వైపు దొరికే ఎర్రమన్ను రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుకొనవలెను. రైసుమిల్లుల నుండి నల్లగా కాలిన ఊక దొరికితే నాలుగు గుప్పిళ్ళు కలిపితే మన్ను గుల్లబారుతుంది. తెల్లబూడిదగా మారినది మాత్రం వద్దు. అది క్షారగుణం గలది. ఆ క్షారం మనకు ఇప్పటికే కావలసినదానికంటె ఎక్కువగా ఉన్నది.

ఎట్లా ఉన్నదంటారా? భూగర్భశాస్త్రజ్ఞులు మన ప్రాంతపు శిలల పొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టినారు: ఒక పొర ‘నంద్యాల షేల్’, మరొకటి ‘కోవెలకుంట్ల సున్నపురాయి’. బేతంచెర్ల బండలు పరవని ఇల్లు మనలో ఎందరికున్నది? ఆ సున్నపురాళ్ళ మధ్య ఊరిన బోరునీటిలో సున్నం కరిగి ఉంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొక్కు కట్టేదీ, కుండీ అంచున తెల్లని గీత కనబడేదీ ఒకే పదార్థం. రోజూ ఈ నీరు పోసి, అడుగున కారిపోయే దారి లేకుండా చేస్తే లవణాలు మట్టిలో పేరుకొని ఆకు కొసలు గోధుమరంగుకు మాడుతాయి. అరెకా పామ్‌లో ఇది ముందుగా కనిపిస్తుంది. నివారణ కష్టమైనది కాదు. వానకాలంలో మిద్దెనీరు పట్టి ఉంచుకొనవచ్చు. తొమ్మిదో తరగతిలో నేర్చిన తాత్కాలిక కాఠిన్యాన్ని జ్ఞాపకం చేసుకొని, మరిగించి చల్లార్చి తేర్చిన నీటిని వాడవచ్చు. నెలకొకసారి కుండీని తొట్టి వద్దకు తీసుకొనిపోయి, అడుగు నుండి ధారగా కారేవరకు నీరు పోస్తే పేరుకొన్న ఉప్పు చాలామేరకు కడుక్కొనిపోతుంది.

కుండీ పరీక్ష ముగిసిన తరువాత ఆకు వంతు. ఇక్కడ అడుగవలసిన ప్రశ్న ఒక్కటే ముఖ్యం: పసుపెక్కినది ముసలి ఆకా, లేత ఆకా? కరవు వచ్చినప్పుడు తల్లి తన పాలు తగ్గించుకొని బిడ్డకు పెడుతుంది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం విషయంలో మొక్క కూడ అంతే చేస్తుంది. ఇవి మొక్కలో ఒక చోటి నుండి మరొక చోటికి కదలగలవు. కొరత కలిగితే అడుగు ఆకుల నుండి పైచిగురుకు తరలిపోతాయి. కాబట్టి అడుగు ఆకు మొత్తం సమంగా పాలిపోతే నత్రజని లోపం; ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపైతే మెగ్నీషియం లోపం; అంచులు మాడితే పొటాష్‌ను అనుమానించవచ్చు. ఇనుము అట్లా కాదు. ఒకసారి ఒక ఆకులో చేరిన ఇనుము అక్కడే స్థిరపడుతుంది. అందువల్ల ఇనుము చాలకపోతే లేతచిగురు తెల్లబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలవలె మిగులుతాయి. ఇట్టి ఆకులకు ఇనుపలవణం అందిస్తే తిరిగి పచ్చబడతాయని ఫ్రాన్సు దేశస్థుడైన యూజెబ్ గ్రీ 1840 దశకంలోనే నిరూపించినాడు. మన మట్టిలో ఇనుము లేక కాదు ఈ లోపం. సున్నం, క్షారం ఎక్కువై ఉన్న ఇనుము కరగక వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులు తడిసేటట్లు చల్లమని మన రైతులకు చెబుతారు. కుండీమొక్కల లేత ఆకులకు అందులో సగం మోతాదుతో మొదలుపెట్టి, సాయంత్రం వేళ చల్లి, వారం ఆగి చూడడం క్షేమం.

ఒక మాట మరువరాదు. నెలకొకటి చొప్పున అట్టడుగు ఆకు పండి రాలడం రోగం కాదు. ఆకుకు కూడ ఆయుర్దాయమున్నది. దానికి కంగారుపడి ఎరువు గుమ్మరించేవారున్నారు; కుండీలో యూరియా పిడికెడు వేసి మరునాటికి వేళ్ళు మాడ్చుకొన్నవారిని కూడ ఎరుగుదును.

వెలుతురు విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. మనీప్లాంటు పుట్టినిల్లు పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి. డిఫెన్‌బాకియా అమెరికా ఖండపు ఉష్ణారణ్యాలది. పెద్దచెట్ల నీడలో పెరిగే జాతులు గనుక గదిలోని మందవెలుతురుకు ఓర్చుకొంటాయి. అయినా చీకటి మూలలో పెడితే మనీప్లాంటు ఆకుల మీది పసుపుచారలు పోయి, ఆకు చిన్నదై, తీగ బారుగా సాగుతుంది. అది కిటికీని వెదుక్కొంటున్నదన్నమాట. అంత మాత్రాన ఒక్కసారిగా తీసి ఏప్రిల్ ఎండలో పెడితే ఆకు మధ్యన తెల్లని కాల్పుమచ్చలు లేస్తాయి. వారం పదిరోజుల్లో క్రమంగా వెలుగుకు అలవాటు చేయవలెను. రైహాన్, తులసి మాత్రం ఎండ బిడ్డలు. వాటిని గదిలో బంధించి ఆకులు రాలుతున్నవని విచారించడం వృథా. డిఫెన్‌బాకియాను చిన్నపిల్లలున్న ఇంట చేతికందే చోట పెట్టరాదు. దాని ఆకు కొరికితే అందులోని సూదులవంటి స్ఫటికాలు గుచ్చుకొని నాలుక వాచిపోతుంది. దుమ్ము సంగతి కూడ చెప్పుకొనవలెను. ఆళ్లగడ్డలో శిల్పులు రాయి చెక్కే వీధిలోనైనా, నంద్యాలలో లారీలు తిరిగే బాటలోనైనా ఆకుల మీద పొర కట్టే దుమ్ము వెలుతురును అడ్డగిస్తుంది. వారానికొకసారి తడిగుడ్డతో రెండువైపులా తుడిచేవారికి మరొక లాభమున్నది: పురుగు మొదటి రోజునే కంటబడుతుంది.

పురుగుల విషయంలో మన విద్యార్థులకు పరిచయం అవసరం లేదు. పత్తిచేలో చూచిన పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, తామరపురుగులే ఇంటి మొక్కకు కూడ శత్రువులు. వీటిలో చాలావరకు ఆకు అడుగుభాగంలో దాగుతాయి గనుక ఆకును తిప్పి చూడనిదే పరీక్ష పూర్తికాదు. ఆకుకాడ మొదట్లో దూదిపింజవంటిది కనబడితే పిండినల్లి. కుండీకి చీమల బారు కట్టితే, ఆకు జిగటగా ఉంటే, రసం పీల్చే పురుగేదో అక్కడ కాపురమున్నదని గ్రహించవలెను; చీమలు ఆ తీపిద్రవం కోసం వస్తాయి. అన్నిటికంటె గుట్టుగా పనిచేసేది నల్లి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన పొడిగాలిలో, ఫ్యాను కింద దాని సంతతి త్వరత్వరగా పెరుగుతుంది. ఆకు మీద సూదితో పొడిచినట్లు సన్నని తెల్లచుక్కలు లేచి, ఆకు కళ తప్పుతుంది. ఆకు కింద తెల్లకాగితం పట్టి వేలితో తట్టండి; రాలిన నలుసులు కదిలితే అది దుమ్ము కాదు.

చికిత్స చెప్పవలసిన చోటికి వచ్చినాము. మొదటి మందు నీటిధార: ఆకుల అడుగుభాగానికి తగిలేటట్లు మూడురోజులకొకసారి కడిగితే నల్లి, పేనుబంక సగం పోతాయి. పిండినల్లికి దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదానిని తుడిచివేయడమే ఉత్తమం. అప్పటికీ తగ్గనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, మొక్కను ఆరుబయటికి తెచ్చి, చల్లని వేళ చల్లవలెను. వారానికొకసారి చొప్పున మూడు వారాలు. నీటివంటి మెత్తనిమచ్చ చుట్టూ పసుపువలయంతో పెరుగుతుంటే ఆకుమచ్చ తెగులు కావచ్చు. అట్టి ఆకును కత్తిరించి పారవేసి, ఆకుల మీద నీరు పోయడం మానివేసి, గాలి తగిలే చోటికి మార్చితే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. కొత్తగా కొన్న మొక్కను రెండు వారాలు వేరుగా ఉంచడం ఈ మందులన్నిటికంటె చవక.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వార్షికోత్సవానికి వరండా పొడవునా అందంగా పేర్చిన కుండీలు అనేక విద్యాసంస్థలలో వేసవి సెలవులు ముగిసేసరికి మట్టికుండీలుగా మిగులుతున్నవి. సెలవులకు ముందు వాటినన్నిటినీ ఉత్తరపు వరండాలో ఒకదానికొకటి ఆనించి పెట్టిస్తే, ఒకదాని తేమ మరొకదానికి ఆసరా అవుతుంది. పత్తికి పుట్టినిల్లయిన ఊరిలో వత్తులకు కొరత లేదు. చిటికెనవేలంత లావు పత్తివత్తి పేని, ఒక కొస కుండీకంటె కొంచెం ఎత్తున ఉంచిన బకెట్టు అడుగుకు, రెండవ కొస కుండీ మట్టిలో మూడంగుళాల లోతుకు దింపితే నీరు దానంతట అదే మెల్లమెల్లగా దిగుతుంది. వత్తిని ముందుగా తడపవలెను. బకెట్టు ఎన్ని రోజులకు ఖాళీ అవుతుందో సెలవులకు ముందే ఒక వారం పరీక్షించి చూస్తే, వాచ్‌మన్ ఎన్నాళ్ళకొకసారి నింపవలెనో తేలిపోతుంది.

ఇక ఆ ఆళ్లగడ్డ విద్యార్థి మొక్క. వేళ్ళన్నీ కుళ్ళినవి గనుక దానిని బ్రదికించే వీలు లేకపోయినది. అయితే తీగ చివర మూడు కణుపులు గట్టిగానే ఉన్నవి. కాండం మీద గోధుమరంగు మొటిమవలె కనబడే వేరుమొలక ప్రతి ముక్కకూ ఉండేటట్లు చూచి, కణుపుకు అర అంగుళం కిందుగా కోసి, మంచినీటి సీసాలో నిలిపినాము. మూడు రోజులకొకసారి నీరు మార్చుతూ వచ్చినాడు. నాలుగు వారాలలో రెండు ముక్కలకు తెల్లని వేళ్ళు దిగినవి. ఈసారి డబ్బాకు మేకుతో అయిదు రంధ్రాలు పొడిచి, బండలు మురికి కాకుండా అడుగున పాతపళ్ళెం ఒకటి పెట్టినాడు.